ఖిదిర్‌పూర్ క్రీము నుంచి నా మనవరాలిని విడిపించిన దేవుడు

సహోదరులారా, పోయిన వానాకాలమంతా మా క్వార్టర్ వెనుక గదిలో వెలుతురు లేదు. బల్బు వేస్తే నా మనవరాలు రూతు ఆర్పేసేది, తలుపు మూసుకొని కూర్చునేది, పెట్టిన అన్నం సగం వదిలేసేది. నేను కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చి రిటైరైన మనిషిని, అక్షరాలు కూడా ఆ తర్వాతే సండే స్కూలు పిల్లల పక్కన కూర్చొని నేర్చుకున్నాను, చుట్టూ తిప్పి రాయడం నాకు రాదు, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా ఇంట్లో కాలేజీ చదివిన మొదటి పిల్ల రూతు. అది బి.ఏ. పాసైతే ఇక మా ఇంటికి చీపురుతో పని తీరిపోయిందనుకున్నాం. కానీ ఈ కలకత్తాలో డిగ్రీ చదివిన పిల్లలు ఏం చేస్తున్నారో చూడండి, ఒకడు బండి మీద అన్నం పొట్లాలు మోస్తున్నాడు, ఒకతె ఫోనులో పరాయి దేశం వాళ్ల చేత తిట్లు తింటోంది, మా పిల్లకేమో మాల్‌లో విదేశీ సామాన్లు అమ్మే కౌంటర్ మీద మనసు పడింది. ఇంటర్వ్యూకి వెళ్తే అక్కడ నిలబడ్డ పిల్లలంతా తెల్లగా ఉన్నారట, దీన్ని చూసి తర్వాత చెబుతామన్నారట. అంతే, ఓడరేవు పక్కనున్న ఖిదిర్‌పూర్ బజారుకు పోయి ఓడ మీద దిగిన సరుకని చెప్పి అమ్మే ముఖం క్రీము తెచ్చుకుంది. డబ్బా మీద ఏ దేశపు రాత ఉందో దానికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు.

మొదట్లో ముఖం మెరిసింది, ఆ తర్వాత ఎర్రగా కమిలి పొక్కులు లేచాయి, రాయడం మానితే నిప్పు పెట్టినట్టు మంట, మళ్లీ రాస్తే ఆ పూటకు చల్లబడేది, అలా తాగుబోతు సారాకు బానిసైనట్టు ఈ పిల్ల ఆ డబ్బాకు బానిసైపోయింది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనబడింది ముసుగు ఒక్కటే. మన ఆడవాళ్లం ప్రార్థనలో తల మీద ముసుగు వేసుకుంటాం కదా, రూతు ఎప్పుడూ జార్చేసుకుంటే నేను వెనుక నుంచి గిల్లేదాన్ని. అలాంటి పిల్ల ముసుగు కళ్ల కిందికి లాక్కొని, ఇంట్లో కూడా తీయకుండా, తిండి మాని గదిలో కూర్చుంటే నేనేమనుకోవాలి? ఉపవాస ప్రార్థనలో ఉందనుకున్నాను! స్త్రీల కూడికలో లేచి దాని భక్తి గురించి గొప్పగా చెప్పాను, అందరూ హల్లెలూయ అన్నారు.

ఆ సంతోషంలోనే ఇంట్లో ప్రార్థన పెట్టించాను. ఉద్యోగం కావలసిన పిల్లలకు నుదుట నూనె రాసి ప్రార్థించడం మా సంఘంలో అలవాటు. పాస్టరమ్మ ముసుగు కిందికి చెయ్యి పోనిచ్చి నుదురు తాకగానే రూతు కెవ్వుమంది, ముసుగు జారింది, ఆ ముఖం చూసి పాట పాడుతున్నవాళ్లంతా ఆగిపోయారు.

"ఏటే ఇది? ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ఆ క్రీమే మామ్మా. మానితే మండిపోతంది, రాస్తే ఇలగైపోతంది. ఈ మొకం ఎట్టుకొని ఎవులి ముందుకి ఎల్తాను? నన్నొగ్గీండి."

"ఒగ్గీడానికా నిన్ను పెంచినాం?"

అక్కడే మోకాళ్ల మీద పడ్డాను. "పెబువా, దీనిది బక్తనుకొని నీకు దండాలెట్టినాను, నువ్వు నవ్వుకున్నావో ఏటో. ఇప్పుడు నిజం సూపించినావు. దాని రంగు నాకక్కర్లేదు, నాకు పిల్ల కావాల. నువ్వే బయటికి తే."

విశ్వాసం ఉంటే ఆసుపత్రి ఎందుకని ఒకరిద్దరు అన్నారు. నేను వినలేదు, డాక్టర్లకు తెలివి ఇచ్చిందీ దేవుడే. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మం డాక్టరమ్మ డబ్బా చూసి, ఇందులో ఘాటైన మందు కలిపారు, ఇలాంటి ముఖాలు మాకు రోజూ వస్తాయి, నేను చెప్పినట్టు మానితే తగ్గుతుంది గానీ మంట ఓర్చుకోవాలి అంది. ఓర్చుకోవడం మాటలు కాదు. ఒక మధ్యాహ్నం ఏడుస్తూ మళ్లీ ఖిదిర్‌పూర్ బస్సెక్కబోతే వెళ్లి చెయ్యి పట్టి తీసుకొచ్చాను. పాస్టరమ్మా నేనూ చెరో పక్క కూర్చొని తడిగుడ్డ వేస్తూ, ప్రార్థిస్తూ, పాటలు పాడుతూ గడిపాం. నా గొంతు భరించలేకే క్రీము మానేశానని అది ఇప్పుడు నవ్వుతుంది.

దేవునికే మహిమ! చలికాలం వచ్చేసరికి మంట పోయింది, పొక్కులు పోయాయి. బుగ్గల మీద మచ్చలు ఇంకా ఉన్నాయి, లేవని అబద్ధం రాయను. మాల్ వాళ్లు పిలవలేదు, పిలవాలని ఇప్పుడు ఇంట్లో ఎవరికీ లేదు. హౌరాలో ఒక చిన్న బడిలో పిల్లలకు పాఠాలు చెబుతోంది, రోజూ లాంచీ ఎక్కి గంగ దాటి వెళ్తుంది. ఆ మచ్చలేమిటి మిస్ అని పిల్లలు అడిగితే ఉన్నమాట చెప్పిందట. అది విన్ననాడు నాకు గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది.

కాబట్టి ప్రియమైనవారలారా, మీ ఇంట్లో డిగ్రీ చేతిలో పెట్టుకొని తలుపు మూసుకున్న పిల్లలుంటే నాలాగా మురిసిపోకండి. తలుపు కొట్టండి, పక్కన కూర్చోండి, మోకరించండి, ఆసుపత్రికీ తీసుకెళ్లండి. నా ప్రార్థన విన్న దేవుడు మీది వినడా? ఆయన్ని నమ్మి చూడండి. మీ పిల్ల ఎవరి మాటా వినకపోతే మాకు కబురు పెట్టండి, నేనూ రూతూ కలిసి వస్తాం, అది తన ముఖం తానే చూపించి మాట్లాడుతుంది. ఆమేన్.