మోయలేని టీవీ

మా అత్తమ్మ మా ఇంటికి టీవీతో వచ్చేది, టీవీతో పోయేది. ఇది వేళాకోళానికి అంటున్న మాట కాదు. పెద్దమనుషులు కూర్చుని తేల్చిన తీర్పే అది.

మామ పోయిన ఏడాదికి మా ఆయనా వాళ్లన్నా వేరుపడ్డారు. బావ శామీర్‌పేటలో ఉంటూ ట్రాలీ ఆటో మీద కూరగాయలు మార్కెట్లకు వేసేవాడు. మేము మేడ్చల్‌లో ఉండేవాళ్లం. మా ఆయన మందుల ఫ్యాక్టరీకి పోయేవాడు, నేను ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుట్టేదాన్ని. బర్రెలు, బిందెలు, మంచాలు, బీరువా అన్నీ రెండు పాళ్లయ్యాయి. చివరికి టీవీ ఒక్కటి మిగిలింది. మామ బతికుండగా మోజు పడి కొన్న చిన్న కలర్ టీవీ అది. దాన్ని చెరిసగం చేయడం ఎట్లాగని అందరూ తలలు పట్టుకుంటే, అప్పటిదాకా నోరు విప్పని అత్తమ్మ దాన్ని తనకు వదిలేయమంది. బంగారం అడగలేదు, భూమి అడగలేదు. ముసలామెకు సీరియళ్ల పిచ్చి పట్టిందని పంచాయితీలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పున్నమి నుంచి పున్నమిదాకా ఒక కొడుకు దగ్గర, మళ్లీ పున్నమిదాకా ఇంకో కొడుకు దగ్గర ఆమె ఉండాలని, ఎవరి వంతు మొదలైతే వాళ్లే వచ్చి తీసుకెళ్లాలని, ఆమె ఎక్కడుంటే టీవీ అక్కడేనని తీర్పు చెప్పారు.

ఆరేడేళ్లు అట్లాగే నడిచింది. బావ వంతైతే ఆయన ట్రాలీలో, మా వంతైతే కిరాయి ట్రాలీలో, వెనక బొంత పరుచుకుని అత్తమ్మ కాళ్లు చాపుకుని కూర్చునేది. దుప్పటి చుట్టిన టీవీని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకునేది. టీవీ లేని నెల మా గోడ మీద కేబుల్ వైరు మేకుకు చుట్టి వేలాడేది. పిల్లలిద్దరూ ఆ వైరును చూస్తూ పున్నమికి ఇంకా ఎన్ని రోజులని నా ప్రాణం తోడేసేవాళ్లు. క్యాలెండర్లో పున్నమి చుట్టూ పెన్నుతో గీతలు గీసి కాగితం చిరిగేలా చేసేవాళ్లు. మీ పిల్లలకు అవ్వ అంటే ఎంత ప్రాణమో అని పక్కింటివాళ్లు మెచ్చుకుంటే నేను తల ఊపేదాన్ని. అది దేని మీద ప్రాణమో నాకు తెలుసు.

పిల్లల మీదికి నెట్టడం ఎందుకు, నా సంగతి చెప్తాను. మా వంతు పున్నమి నాడు పొద్దున్నే బావ ఇంటికి పొమ్మని మా ఆయన్ని తరిమేదాన్ని. ఆలస్యమైతే మా యారాలు, బావ పెళ్లాం, ఏదో ఒక వంక చెప్పి సాయంత్రం సీరియల్ అయ్యేదాకా అత్తమ్మను పంపదు. ఒకసారి వంతు దాటి రెండు రోజులు ఎక్కువ ఉంచుకుందని ఆమెతో మాటలు కూడా మానేశాను. ఊళ్లో కోడళ్లందరూ అత్తను ఎట్లా వదిలించుకుందామా అని చూస్తుంటే, మేము యారాళ్లిద్దరం అత్త కోసం కొట్లాడుకునేవాళ్లం. మేడ్చల్‌లో మా వీధివాళ్లు దాన్ని కథలుగా చెప్పుకునేవాళ్లు.

అత్తమ్మ మాత్రం టీవీ పెద్దగా చూసేది కాదు. గోడకు ఆనుకుని చింతపండు గింజలు తీస్తూనో, కునుకుతూనో ఉండేది. చూడనిదానికి ఇంత సంబరమెందుకో అని నాలో నేను విసుక్కున్నాను తప్ప, ఎందుకని ఒక్కరోజైనా అడగలేదు.

ఇంతలో టీవీ ముసలిదైంది. మొదట రంగులు పోయి అందరి ముఖాలూ ఆకుపచ్చగా తయారయ్యాయి. తరువాత బొమ్మ రెండు పక్కలా కుంచించుకుపోయింది. పైన ఒకటి చరిస్తే కాసేపు పలికేది, మళ్లీ మూగబోయేది. అత్వెల్లి రోడ్డు మీద రిపేరు చేసే అతను వెనక డొప్ప విప్పి చూసి, ఇదేమన్నా టీవీయా లేక సర్వీసు ఆటోనా అన్నాడు. గుంతల రోడ్ల మీద నెలనెలా తిరిగి లోపలి అతుకులన్నీ కదిలిపోయాయట. పిక్చర్ ట్యూబు కూడా పోయిందట. దీని మీద పైసా పెట్టినా దండగేనని తేల్చేశాడు.

సంగతి తెలిసి బావ కబురు పెట్టాడు. ఇద్దరం కలిసి కొత్తది కొందాం, ఎప్పటిలాగే అమ్మతో పాటు తిప్పుకుందాం అన్నాడు. మా ఆయన సరేనన్నాడు. నాకు ఒళ్లు మండింది. వాళ్ల పిల్లలు టీవీ మీద చాయ్ ఒలకబోస్తారు, బటన్లు పీకేస్తారు, మా నెల వచ్చేసరికి మాకు మిగిలేది దుమ్మే. కొంటే మనమే కొనాలి, అది మన ఇల్లు దాటకూడదు అని పట్టుబట్టాను. మనసులో ఇంకో లెక్క కూడా వేసుకున్నాను. ఎవరూ ఎత్తుకుపోలేనంత పెద్దది కొనాలి. ఇదేదో కోపంలో అనుకున్న మాట కాదు, వారం రోజులు ఆలోచించి చేసిన పని.

పేట్ బషీరాబాద్‌లో మెయిన్ రోడ్డు మీద కొత్తగా పడిన షోరూముకు పోయాం. పాత టీవీ ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తామన్నారు కాబట్టి దాన్నీ వెంట తీసుకెళ్లాం. ఆమె సొత్తు ఆమె చేతులతోనే ఇవ్వాలని మా ఆయన అత్తమ్మను కూడా ఆటో ఎక్కించాడు. షోరూములో గోడ నిండా టీవీలే. అన్నింట్లో ఒకటే బొమ్మ, ఒక్కోదాంట్లో ఒక్కో రంగు. పిల్లలు ఒకదాని దగ్గర నుంచి ఇంకోదాని దగ్గరకు పరుగులు తీస్తుంటే, సేల్స్ అతను రిమోట్ పట్టుకుని సౌండు గురించి, తెర చదును గురించి దంచేస్తున్నాడు. అతను ఊపిరి తీసుకునే సందు చూసి, ఇరవై తొమ్మిది అంగుళాలదాన్ని చూపించి, ఇది ఎత్తాలంటే ఎంతమంది కావాలని అడిగాను. ఇంటిదాకా తెచ్చి పెట్టే బాధ్యత మాదేనమ్మా అన్నాడు. అది కాదు, ఒకసారి ఎత్తి చూపించమన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. షాపులో ఉన్న ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుని, జానెడు ఎత్తి, మూలుగుతూ దించారు. ఇదే ఇవ్వమన్నాను. టీవీని బరువు చూసి కొన్న మనిషి ఆ షోరూములో నాకు ముందు ఎవరూ ఉండి ఉండరు.

అప్పుడు చూస్తే అత్తమ్మ మా పక్కన లేదు. మూలన అన్నింటికన్నా చిన్న టీవీ ఒకటుంది, పైన చేత్తో పట్టుకోవడానికి పిడి ఉన్నది. దాని మీద చెయ్యేసి నిలబడింది.

"గిది సాలదా బిడ్డా?" అంది.

సేల్స్ అతను నవ్వాడు. పిల్లలు పెద్దది కావాలంటున్నారని మా ఆయన సర్దిచెప్పబోయాడు. ఆమె అతని వైపు చూడలేదు, నా వైపే చూసింది.

"పెద్దదైతే యెంట తీస్కపోనీకి రాదు గద."

తింటున్నది నా చేతి కూడు, మనసు మాత్రం శామీర్‌పేట కొడుకు మీద అనుకున్నాను. అక్కడి మనవళ్లు ఎక్కడ టీవీ లేకుండా ఉండిపోతారోనని ఈమె బెంగ అనుకున్నాను. నలుగురిలో ఉన్నామన్న ఇంగితం కూడా లేకపోయింది.

"తీస్కపోనీకి రావద్దనే కొంటున్న అత్తమ్మా" అన్నాను.

ఆమె పిడి మీది నుంచి చెయ్యి తీసేసింది. షాపువాళ్లు ఆమె పాత టీవీ మీద సుద్దముక్కతో ఏదో నంబరు వేసి, మెట్ల కింద ఉన్న పాత టీవీల వరసలోకి నెట్టారు.

కొత్త టీవీ మా ముందు గదిలో సగం ఆక్రమించింది. దాన్ని పెట్టడానికి నా మిషన్ వంటింట్లోకి పోయింది. అయినా నాకు సంబరంగానే ఉండింది, అబద్ధమెందుకు. పిల్లలు వీధిలో పిల్లలందరినీ పిలుచుకొచ్చి చూపించారు. మేకుకు చుట్టిన వైరును చూసే ఖర్మ ఇక లేదు కదా అని నేను మురిసిపోయాను.

పున్నమి వచ్చింది. అది శామీర్‌పేట వాళ్ల వంతు. అత్తమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, రెండు చీరలు, మందుల డబ్బా, స్టీలు గ్లాసు మూటగట్టుకుని గడప దగ్గర కూర్చుంది. ట్రాలీ రాలేదు. మర్నాడు మళ్లీ అట్లాగే కూర్చుంది, రాలేదు. నాలుగో రోజు నేను ఫోన్ బూత్‌కు పోయి వాళ్ల పక్కింటికి ఫోన్ చేసి యారాలిని పిలిపించాను. వాళ్లూ టీవీ కొనేశారట. మీ అంత పెద్దది కాదులే చెల్లె, కొత్తదే కానీ అంది. అత్తమ్మ సంగతి అడిగితే, పిల్లలకు పరీక్షలున్నాయి, ఇల్లు ఇరుకుగా ఉంది, ఓ వారం ఆగి వస్తామంది. ఇన్నేళ్లూ పరీక్షలూ ఉన్నాయి, ఇరుకూ ఉంది. అప్పుడెప్పుడూ అడ్డం రాలేదు.

ఇంటికి వచ్చి గిన్నెలు ఎత్తేస్తూ వాళ్లను తిట్టాను. కన్నతల్లి వంతు తప్పించుకునేవాళ్లు మనుషులేనా, సిగ్గూ శరం లేదా అని అరిచాను. గడప దగ్గర నుంచి అత్తమ్మ పిలిచింది.

"వాండ్ల మీద ఎందుకు ఒర్రుతవ్ బిడ్డా. నా కండ్లకు గా టీవీల బొమ్మలు సక్కగ అవుపడవు. మరి పంచాయితీల గది నాకే కావాలని ఎందుకడిగిన? ఉత్త ముసల్దాన్ని నెలనెలా ఎవలు తోల్కపోతరు. గది నా యెంట ఉంటే పిల్లలన్న ఎదురు సూస్తరనుకున్న."

ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. టీవీ లేకపోయినా మేము నిన్ను తెచ్చుకునేవాళ్లమే అత్తమ్మా అని అనాల్సింది. కానీ అది నిజమో కాదో నాకే తెలియదు. షోరూములో ఆ ఇద్దరు మనుషులు మూలుగుతూ ఎత్తింది టీవీనే అయినా, నేను ఆమె కాళ్ల కింది పీటనే లాగేశానని అప్పుడు అర్థమై సిగ్గుతో చచ్చిపోయాను.

తొమ్మిదో రోజున బావ వచ్చాడు, మా ముఖాలు చూడకుండా మూట అందుకున్నాడు. ట్రాలీలో బొంత మీద కూర్చున్న అత్తమ్మకు ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక, చివరికి పక్కనున్న ఇనుప కడ్డీని పట్టుకుంది.

మా వంతు వచ్చేసరికి పున్నమి నాడే పోయి తెచ్చుకోవాలని గట్టిగా అనుకున్నాను. వాళ్లలాగా చేసే మనుషులం కాదు మనం అని మా ఆయనతో కూడా అన్నాను. పున్నమి నాడు ఆయనకు ఫ్యాక్టరీలో డబుల్ డ్యూటీ పడింది. తరువాత నాకు ఒక పెళ్లివారి జాకెట్ల పని నెత్తిన పడింది. ఆ తరువాత చిన్నదానికి జ్వరం. అన్నీ నిజమే, ఒక్కటీ వంక కాదు. కానీ ఇదివరకైతే ఇవన్నీ ఉన్నా పోయేవాళ్లం, పిల్లలు మమ్మల్ని నిలవనిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు అవ్వ ఎప్పుడొస్తుందని ఎవరూ అడగలేదు. క్యాలెండర్లో పున్నమి చుట్టూ ఏ గీతా లేదు. నేను కూడా సాయంత్రం పనులు ముగించుకుని ఆ పెద్ద తెర ముందు కూర్చుంటే, ఇక లేచేదాన్ని కాదు. గురివింద గింజకు తన కింది నలుపు కనపడదంటారు. తొమ్మిది రోజులకు వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టిన నేను, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే పదకొండు రోజులైంది.

ఆ రోజే మిషన్ మీది పని ఎక్కడిదక్కడ వదిలేసి బస్సెక్కి శామీర్‌పేట పోయాను. ఇంట్లో టీవీ గట్టిగా మోగుతోంది, నేను వచ్చిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. అత్తమ్మ బయట నీళ్ల తొట్టి నీడన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పక్కనే మూట ఉంది. ఎన్నాళ్ల కిందట కట్టిందో, ముడి మీద దుమ్ము పేరుకుంది. నేను దగ్గరకు వెళ్లేదాకా ఆనవాలు పట్టలేదు. పట్టాక కాయలు పక్కన పెట్టి, గాబరాగా మోకాళ్ల మీద చేతులూని లేవబోయింది.

"ఏంది బిడ్డా గిట్లొచ్చినవ్, మీ టీవీ ఖరాబైందా?" అంది.

దెప్పిపొడవడం ఆమెకు చేతకాదు. నిజంగానే అడిగింది. టీవీ బాగానే ఉందని చెప్పాను. అయితే మరి ఇంకేం ఆపద వచ్చిందోనని, ఆమె భయం భయంగా నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.