ఏమండీ అంటే వెన్న

మా ఆయన ముక్కుసూటి మనిషి. చిక్కల్లా ఆ ముక్కుతోనే. బీరు తయారుచేసే మాస్టరుకి అన్ని వాసనలూ తెలియాలి, ఆయనకేమో వెన్న వాసన ఒక్కటీ తెలియదు. వేడి బ్రెడ్డు మీద వెన్న రాసి ముక్కు కింద పెట్టినా ఒట్టి బ్రెడ్డే అంటారు. కొందరు పుట్టుకతోనే అంతట.

బీరు పులిసేటప్పుడు టాంకులో ఒక్కోసారి వెన్న వాసన పుడుతుంది. రెండు మూడు రోజులు ఓపిక పడితే బీరుని పులియబెట్టే ఈస్టే దాన్ని తినేస్తుంది. తొందరపడి గ్లాసుల్లోకి వదిలితే తాగేవాళ్లు ఒక్క గుక్కతో లేచి వెళ్లిపోతారు. అందుకే పదకొండేళ్లుగా ప్రతి టాంకు నుంచీ ఒక చిన్న సీసాడు ఇంటికి తెస్తారు. దాగిన వాసన బయటపడేలా నేను దాన్ని వేడినీళ్లలో కాసేపు ఉంచి, చల్లార్చి, మూత తీసి వాసన చూస్తాను. నేనైతే చుక్క నోట పెట్టి ఎరగను. వాసన ఉంటే "వెన్న" అంటాను, లేకపోతే "లేదు" అని మళ్లీ నా కుట్టుమిషను ముందు కూర్చుంటాను. నాకు కోపమే కాదు, తెలివి కూడా ముక్కు మీదే ఉందని ఆయన ఎగతాళి. ఈ సంగతి మూడో మనిషికి తెలియదు.

సెలవు దొరికితే ఊళ్లో సొంతంగా బీరు చేసి అమ్మే బ్రూపబ్బులన్నీ తిరగడం ఆయనకు సరదా. అర గ్లాసు తీసుకుని, వెలుతురుకి పట్టి, చప్పరించి, ఎవరు యవలు ఎక్కువ వేయించారో, ఎవరు చేదు కోసం వేసే హాప్స్ పూలు ఆలస్యంగా వేశారో చెప్పేస్తారు. అవన్నీ సొంత తెలివే. వెన్న దగ్గరికొచ్చేసరికి మాత్రం నావైపు చూస్తారు.

పోయిన నెల నాకు పది రోజులు జలుబు చేసింది. ఆయన ఆగలేక అంచనా మీద టాంకు తెరిచారు. ఆ సాయంత్రం గ్లాసులు నిండుగానే వంటగదికి తిరిగొచ్చాయి. ఆయన పనిచేసే పబ్బు ఓనరు వేరే ఊరి నుంచి కళ్లజోడు పెట్టుకున్న ఒక మాస్టరుని పిలిపించాడు, టాంకుల నుంచి సీసా కూడా బయటికి పోనివ్వలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరినీ పబ్బులకు తీసుకెళ్తాననీ, వెన్న ఉందో లేదో ఎవరి నాలుక సరిగ్గా చెబితే టాంకుల తాళాలు వాళ్లవేననీ చెప్పాడు. ఓనరు భార్య కూడా వస్తోందని నన్నూ రమ్మన్నారు. మా ప్రాణం లేచొచ్చింది.

బయల్దేరేముందు మెట్ల మీద గుర్తు అనుకున్నాం. వెన్న ఉంటే ఎప్పటిలా పిలవమన్నారు ఆయన. ఏమండీ అంటే వెన్న, నోరు మెదపకపోతే శుభ్రం. రోజుకి వందసార్లు నోట్లోంచి ఊడిపడే మాటనే గుర్తుగా పెట్టుకున్న మొద్దుల్ని మమ్మల్ని తప్ప ఇంకెవర్నీ చూడలేదు నేను.

మొదటి పబ్బులో గోధుమ బీరు. కింద టిష్యూ కాగితం పెట్టే నెపంతో ఆయన గ్లాసు ముక్కు దాకా లాక్కున్నాను. వెన్న లేదు. పళ్లు బిగించి కూర్చున్నాను. ఆయన చీటీ మీద రాసి ఓనరుకి ఇచ్చారు, కళ్లజోడాయనా ఇచ్చాడు. రెండూ ఒకటే. రెండో పబ్బులో నల్ల బీరు. గ్లాసు దగ్గరికి రాగానే గుప్పున కొట్టింది. "ఏమండీ, నా కళ్లద్దాలు మీ దగ్గరున్నాయా?" అన్నాను. నాకు కళ్లద్దాలే లేవు. ఓనరు భార్య నన్ను ఎగాదిగా చూసింది. మళ్లీ చీటీలు కలిశాయి.

చివరికి మా పబ్బుకే తీసుకొచ్చాడు. మూడో టాంకు నుంచి పట్టించాడు. అది మా ఆయన చేసిన బీరే, సాయంత్రం తెరవాల్సింది. గ్లాసు లాక్కుని వాసన చూశాను. వెన్న జాడే లేదు. కాల్చిన బ్రెడ్డు, వెనకాల సన్నగా తేనె. అంత మంచి వాసన ఆ పదకొండేళ్లలో ఏ సీసాలోనూ చూడలేదు. సంతోషం పట్టలేకపోయాను.

"ఏమండీ" అన్నాను.

అలవాటులో పొరపాటు. నాలుక కరుచుకునేలోపే ఆయన ముఖం పాలిపోయింది. కలం తీసి తొణక్కుండా రాశారు. ఓనరు చదివాడు. "వెన్న ఉంది. ఈ టాంకు తెరవొద్దు." కళ్లజోడాయన చీటీలో శుభ్రంగా ఉందని ఉంది.

ఓనరు చేయి తాళాల గుత్తి మీదికి వెళ్లింది. ఇక ఆగలేదు నేను. "ఆ బీరులో వెన్న లేదండీ. తప్పు నాది. ఈయనకి ఆ వాసన తెలీదు, చూసి చెప్పేది నేను" అని మొత్తం కక్కేశాను. ఆయన తల దించుకున్నారు. ఆ దించిన తల చూస్తే నా ప్రాణం పోయినట్టయింది.

పదకొండేళ్లు తనని వెర్రివాణ్ని చేశామని ఓనరు మండిపడ్డాడు. చీటీ మళ్లీ చూసుకుని, ఆ బీరు బాగా లేదనిపించిందా అని మా ఆయన్ని అడిగాడు.

"బాగుందనే అనిపించింది. కానీ ఈవిడ పిలిచింది" అన్నారు ఆయన.

సొంత బీరుని ఆపమని రాసిచ్చే మాస్టరు మళ్లీ దొరకడని ఓనరు గొణిగాడు. తాళాలు మా ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టి, ఇకనుంచి టాంకు తెరిచేటప్పుడు ఇద్దరూ రావాలన్నాడు. కళ్లజోడాయన ఆ బీరే ఇంకో గ్లాసు అడిగి తాగి వెళ్లాడు.

బస్టాపు దగ్గరపడేదాకా ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచారు. గుట్టు రట్టు చేశానని కోపమనుకున్నాను.

"ఇంతకీ వెన్న లేనప్పుడు ఎందుకు పిలిచావు?" అన్నారు.

"బాగుందని చెబుదామని."

ఆయన నడక ఆగిపోయింది. పదకొండేళ్లలో ఆ మాట నేను ఒక్కసారీ అనలేదని అన్నారు. కాదనబోయి వెతుక్కున్నాను. ఉందనీ లేదనీ తప్ప ఒక్కటీ గుర్తురాలేదు. సిగ్గేసింది.

మా బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు. అది వెళ్లిపోయాక, "ఇంకోసారి చెప్పు" అన్నారు.

"ఏమండీ, బాగుంది" అన్నాను.