ఎర్ర జామ మార్గరీటా

ఆ రోజుల్లో నాకు డ్రైవింగ్ లైసెన్స్ లేదు, ఉద్యోగం చేసే వీసా లేదు, ఉన్నదల్లా కడుపుమంట ఒక్కటే. పెళ్లై అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్ వచ్చిన కొత్త. మా ఆయన ఆఫీసులో సీనియర్ ఒకాయన భార్య పక్క ఊరు కాపెల్‌లో ఉండేది. ఈయన ఆవిడని అక్కా అనేవారు కాబట్టి నాకు వదిన అయింది. మనిషి మంచిదే (ఇప్పుడు చెప్పగలుగుతున్నాను, అప్పుడు చెప్పమంటే నాలుక తిరిగేది కాదు). నేను చారు పెడితే ఈయనకి అక్క చారులో ఇంగువ గుర్తొచ్చేది. హైవే మీద అక్క నడిపినట్టు కారు ఎవరూ నడపలేరట. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అన్నారా! ఇక క్రిస్మస్ సెలవుల్లో ఆవిడ చేసే మార్గరీటా అనే కాక్‌టెయిల్ గురించి చెప్పేటప్పుడైతే మా ఆయన కళ్లు అరమోడ్పులయ్యేవి. నా వంట తిని ఆయన కళ్లు మూసుకున్నది నిద్రొచ్చినప్పుడే.

ఆ డిసెంబరులో పార్టీ మా అపార్ట్‌మెంట్‌లోనే పెట్టుకుందామన్నారు. మార్గరీటా ఈసారి నేను చేస్తానన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "అక్కని అడిగి చెయ్యి" అన్నారు. ఒళ్లు మండింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయన నోటి వెంట 'అక్క కంటే నువ్వే బాగా చేశావు' అనిపించుకోవాలి, అంతే. కానీ మందు వాసనే ఎరగని దాన్ని, ఆవిడని అడగక చస్తానా? ఫోన్ చేస్తే ఆవిడ డ్రైవింగ్‌లో ఉంది. మాట ముక్కలుముక్కలుగా వస్తోంది. టెకీలా, నిమ్మరసం, నారింజ లిక్కర్ దాకా బాగానే వినిపించింది. ఆఖర్న "ఎర్రగా రావాలంటే... జామ... నాలుగు చెంచాలు" అని లైన్ కట్టయింది.

ఎర్ర జామ అన్నమాట! ఇండియన్ గ్రాసరీకి ఈయన్ని తరిమి పండిన ఎర్ర జామకాయలు తెప్పించాను. మిక్సీలో వేసి, గింజలు పోయేలా వడగట్టాను. గ్లాసు అంచుకి ఉప్పు అద్దాలని తెలుసు. జామకాయకి ఉత్త ఉప్పేమిటి, నా చెయ్యి దానంతటదే కారం డబ్బా మీదికి పోయింది. ఇంటికొచ్చినవాళ్లకి పెట్టేది ఎంగిలి చేయకూడదని మా అమ్మ పెంపకం, అందుకని రుచి కూడా చూడలేదు.

పార్టీలో మొదటి గుక్క పడగానే మగవాళ్లంతా ఆహా అన్నారు. నేను చెవులు రిక్కించుకుని మా ఆయన పక్కనే నిలబడ్డాను. ఆయన గ్లాసు పైకెత్తి, "అక్కా, మీ రెసిపీ అంటే మీ రెసిపీయే" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. చేసిందెవరు, పేరెవరికి?

వదిన ఒక గుక్క తాగి ఆగింది. "ఇది నాది కాదు. నేను చెప్పింది క్రాన్‌బెర్రీ జామ్. ఇందులో జామకాయ ఉంది" అంది. క్షణం తర్వాత సంగతి అర్థమై గది గదంతా పగలబడి నవ్వింది. అందరికంటే గట్టిగా మా ఆయనే. నాకు తల కొట్టేసినట్టయింది. చిప్స్ తెస్తానని వంటింట్లోకి పోయి, చిప్స్ లేని అలమర తీసి చూస్తూ నిలబడ్డాను.

వెనకే వదిన వచ్చింది. ఓదార్చడానికేమో, అదింకా నరకం అనుకున్నాను. ఆవిడ ఖాళీ గ్లాసు కౌంటర్ మీద కొంచెం గట్టిగానే పెట్టి, "మీ అన్నయ్య మూడోది పోయమంటున్నాడు. నేను చేస్తే ఏనాడూ ఒకటి దాటలేదు" అంది. మొహం చూశాను. బిగిసిన పెదాలు, లేని నవ్వు. ఆ మొహం నాకు బాగా తెలుసు, రోజూ అద్దంలో చూస్తున్నదే కదా. అబ్బ, ఎంత హాయిగా ఉందో! "పాపం అన్నయ్యగారు, పోస్తాను వదినా" అని, వీలైనంత వినయంగా గ్లాసు అందుకున్నాను.

ఇప్పుడు నాకూ కారుంది, ఉద్యోగముంది, వదినా నేనూ ఒకరి రెసిపీలు ఒకరం కాపీ కొట్టుకుంటున్నాం. నాలోని ఆనాటి పిచ్చిపిల్లని తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది, ఎక్కడో కాస్త ముద్దూ వస్తుంది. మొగుడి మెప్పు కోసం అంత గింజుకున్నానా, ఆ రోజు చివరికి ఆయన మెచ్చుకున్నారో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. వదిన మొహం మాత్రం నిన్న చూసినట్టుంది.