చొక్కా అంచు

పోయినవి లెక్కపెడితే ఒక కెమెరా, రెండు లెన్సులు, ఆ ఏటి పెళ్లి పనులన్నీ.

తాండూరులో పెళ్లి ఫొటోలు తీసే మా బావమరిదికి ఒక అలవాటు ఉండేది. లెన్సు మీద నాపరాళ్ల దుమ్ము పడితే ఉఫ్ అని ఊది, చొక్కా అంచుతో తుడిచేవాడు.

సముద్రంలో నడుము లోతున నిలబడి ఈకలను పురుగులా కట్టిన గాలంతో సరదాకి చేపలు పట్టేవాళ్లు ఫొటోల కోసం అతన్ని పిలిచారు. కెమెరాకు నీళ్లు చొరని తొడుగు కొనమన్నాను. వికారాబాద్‌లో ఉండే మా అమ్మ తనకొక ఫొటో తీయమని అతన్ని అప్పటికే అడిగి ఉంది.

"గా పైసలతోని ఇంకో లెన్సొస్తది బావా! మన దుమ్ముకే ఖరాబ్ కాలే, నీళ్లకైతదా? తిరిగొచ్చినంక అత్త ఫొటో తీస్త, ఫికర్ చెయ్యకు."

అక్కడా అలాగే తుడిచాడు. తుంపర ఆరి మిగిలిన ఉప్పు అద్దాన్ని గీకేసింది, కెమెరా లోపల తుప్పు పట్టించింది. చేపల ఫొటోలన్నీ మసకే. ఇప్పుడతను రాళ్ల పాలిషింగులో కూలి.

ఈలోగా అమ్మ పోయింది. ఆధార్ కార్డు మీది బొమ్మనే పెద్దది చేయించి గోడకు తగిలించాం. అతను వచ్చి, పటం అద్దం మీద ఉఫ్ అని ఊది, చొక్కా అంచుతో తుడిచాడు.

"అత్త గిట్ల లేకుండె బావా," అన్నాడు.

ఒక ఫొటో ఇప్పటికీ బాకీ.