కాగితంలో లేని రెండు టింగులు

ఆ రోజుల్లో నాకేదైనా రాలేదంటే, దాన్ని నేనింకా మొదలుపెట్టలేదని మాత్రమే అర్థం. ఇరవై మూడేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, పాత స్కూటరు. గర్వపడడానికి మనిషికి ఇంతకంటే ఏం కావాలి? పద్మారావు నగర్‌లో మా ఇంటి ముందుగదిలో అమ్మ సాయంత్రాలు ఆడపిల్లలకు కీర్తనలు నేర్పేది. పుట్టినప్పటి నుంచి అవన్నీ గోడ ఇవతల నుంచి విని విని, నాకు గొంతు రాలేదు గానీ చెవి మాత్రం బాగా వచ్చింది. నేనేం పాడబోయినా అమ్మ వంటింట్లోంచే, "తప్పు వోయింది. మళ్ల మొదట్నుంచి షురూ చెయ్" అనేది. అందుకే పియానో నేర్చుకోవాలని నిశ్చయించుకున్నాను. పియానోలో తప్పులు పట్టడం అమ్మకు రాదు కదా! (వచ్చు. చిన్న కీబోర్డు ఒకటి ఇంటికి తెచ్చిన మొదటి వారంలోనే ఆ సంగతి తెలిసింది.)

సైనిక్‌పురిలో ఒకాయన సైన్యంలో బ్యాండు నడిపి రిటైరై, ఇంట్లోనే పియానో నేర్పేవారు. అందరం ఆయన్ను సుబేదార్ సార్ అనేవాళ్లం. ఆదివారం పొద్దున కొత్తవాళ్ల బ్యాచ్, సాయంత్రం పెద్దల బ్యాచ్ (వయసులో కాదు, వాయించడంలో పెద్దలు). కొత్తవాళ్ల బ్యాచ్‌లో ఏడుగురం ఉండేవాళ్లం. నన్ను మినహాయిస్తే ఎవరికీ పదేళ్లు నిండలేదు. వాళ్లకు సరిపోయే బుల్లి కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని నేనూ కూర్చునేవాణ్ని. ఆ బ్యాచ్‌కి నాయకురాలు నేరేడ్‌మెట్ నుంచి వచ్చే ఒక ఎనిమిదేళ్ల పిల్ల. ఆమెకు నేను మనసులో పెట్టుకున్న పేరు రెండు జడలు. ఆమె నాకు బహిరంగంగానే పెట్టిన పేరు అంకుల్.

అసలు చిక్కు ఏమిటంటే, పెద్దల బ్యాచ్ వాళ్లు ఏడాదికోసారి కాలనీ హాల్లో కచేరీ చేసేవారు. నేను ఆ బ్యాచ్‌లోనే ఉన్నానని ఆఫీసులో అప్పటికే చెప్పేశాను. ఊరికే చెప్పి ఊరుకోకుండా, కచేరీకి రమ్మని నలుగురిని పిలిచాను కూడా. అమ్మకైతే ముందు వరుసలో కుర్చీ ఉంటుందని మాటిచ్చాను. ఇక మిగిలిన చిన్న పని, ఆ బ్యాచ్‌లోకి వెళ్లడం. దానికి సైట్ రీడింగ్ పరీక్ష నెగ్గాలి. అంటే ముందెన్నడూ చూడని కాగితాన్ని ఎదుట పెడితే, ఐదు గీతల మీద చీమల్లా పాకే ఆ నల్ల చుక్కల్ని చూస్తూ, ఆగకుండా, తప్పు లేకుండా వాయించాలి.

సార్ దాన్ని కవాతు నేర్పినట్టే నేర్పేవారు. "కన్ను ఎప్పుడూ చేతికంటే ఒక్క అడుగు ముందు నడవాలె బేటా. తప్పు అడుగు పడ్డదనుకో, ఆగుతవా? ఆగితే ఎనకోడొచ్చి నీ మీద పడతడు. నడుస్తనే సర్దుకోవాలె" అనేవారు. నాకేమో అమ్మ పెంపకం. ఒక్క చుక్క తప్పినా చెయ్యి దానంతటదే మొదటికి వెళ్లిపోయేది. అలా ప్రతి పాటలోనూ మొదటి వరుస నాకు అద్భుతంగా వచ్చేది, చివరి వరుసతో మాత్రం పరిచయం కూడా అయ్యేది కాదు. కాబట్టి ఒక ఉపాయం కనిపెట్టాను. రెండు జడల పక్క కుర్చీ నాది. ఆమె వాయించాక నా వంతు. ఆమె వాయిస్తుంటే విని, అదే వాయించేసేవాణ్ని. ఎదుట కాగితం ఉండేది, నేను దానివైపు గంభీరంగా చూసేవాణ్ని, అప్పుడప్పుడు కనుబొమలు ముడిచేవాణ్ని కూడా. మూడు నెలల పాటు నా అంత వేగంగా చదివేవాడు లేడని సార్ మెచ్చుకున్నారు. నేనూ వినయంగా ఒప్పుకున్నాను.

పరీక్ష రోజు వచ్చింది. సార్ దగ్గర కొత్త కాగితానికి ఒక్కటే ప్రతి ఉంది, అందరికీ అదే. రెండు జడలు వెళ్లి వాయించింది. నేను కళ్లు మూసుకుని విన్నాను. మూడో వరుసలో పాట కొంచెం విచిత్రంగా వంకర తిరిగింది. చివర్లో అంతా అయిపోయిందనుకున్నాక, పైన ఎక్కడో రెండు సన్నటి మీటలు, టింగ్ టింగ్. పాశ్చాత్య సంగీతం కదా, ఇలాంటివి ఉంటాయనుకున్నాను. నా వంతు రాగానే వెళ్లి మొత్తం దించేశాను, మూడో వరుస వంకరతో సహా. ఆ టింగ్ టింగ్ దగ్గరైతే తలను కొద్దిగా పక్కకు వాల్చి, ఆమె కంటే ఎక్కువ భావం పెట్టాను.

సార్ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు.

"శానా మంచిగ వాయించినవ్ బేటా. గా ఆఖరి రెండు టింగులు కాగితంలో ఏడున్నయో జెర చూపించు."

వెతికాను. చాలాసేపు వెతికాను. చివరి గీత పక్కన ఏదో చుక్కలాంటిది కనబడితే ధైర్యంగా వేలు పెట్టాను.

"గది చాయ్ మరక బేటా. పొద్దుగాల నేనే పోసిన."

పిల్లలందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. రెండు జడలు మాత్రం నవ్వకుండా పైకప్పు వంక చూస్తూ కూర్చుంది. సార్ ఆమెను పిలిచి మళ్లీ వాయించమన్నారు. ఈసారి వంకర లేదు, టింగులు లేవు. ఆమె పెద్దల బ్యాచ్‌లోకి వెళ్లిపోయింది. నేను బుల్లి కుర్చీలోనే ఉండిపోయాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ బంగారు చెవుల మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

సార్ నన్ను తిట్టలేదు, అంతకంటే పెద్ద శిక్ష వేశారు. కచేరీలో ఆ పిల్ల పక్కన నిలబడి కాగితాలు తిప్పే పని. "కాగితం తిప్పేటోనికి చెవితోని పని లేదు, కన్ను గావాలె" అన్నారు. నిజమే. కొత్త పాటలో పేజీ ఎక్కడ అయిపోతుందో ఎంత విన్నా తెలియదు, చుక్క వెంట చుక్క చూస్తూ పోవాల్సిందే. నేను మొదట్లో ముందే తిప్పేసేవాణ్ని, లేకపోతే తిప్పడం మరిచేవాణ్ని. "అంకుల్, ఇంకా రెండు లైన్లు ఉన్నయ్!" అని ఆమె వాయిస్తూనే కసిరేది. పైగా ఆమె నా కోసం ఆగదు, నేను మొదటికి వెళ్లడానికి వీల్లేదు. ఆరు వారాలకు ఆ చీమలు నాకు వరుసలో నడవడం మొదలుపెట్టాయి.

కచేరీకి ఆఫీసు నలుగురూ వచ్చారు. అమ్మ ముందు వరుసలో, పట్టుచీర కట్టుకుని. ఎనిమిదేళ్ల పిల్ల వాయిస్తుంటే ఆరడుగుల కొడుకు పక్కన నిలబడి కాగితాలు తిప్పుతున్నాడు. అమ్మ ముఖంలోకి చూసే ధైర్యం లేక నేను చుక్కల్నే చూశాను. (అందుకే అంత బాగా తిప్పానేమో.) అయిపోయాక అమ్మ వచ్చి స్కూటరు వెనక కూర్చుంది. ఇల్లు దగ్గర పడ్డాక అంది, "మంచిగ తిప్పినవ్ రా. ఒక్క తప్పు సుత వోలే." జీవితంలో మొదటిసారి "మళ్ల మొదట్నుంచి" అనలేదు. నాకు కళ్లు చెమర్చాయి, హెల్మెట్ ఉంది కాబట్టి బతికిపోయాను.

మొన్న సార్‌ను చూద్దామని సైనిక్‌పురి వెళ్తే రెండు జడలు అక్కడే ఉంది. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది, జడలు లేవు, జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. పియానో మీద ఏదో కొత్త కాగితం పెట్టి, "అంకుల్, ఫస్ట్ నేను వాయించాల్నా?" అంది. తరవాత నవ్వుతూ తనే చెప్పింది, "అప్పుడు ఆ టింగులు కావాల్నని కొట్టిన అంకుల్. మూడు నెలల సంది కాపీ కొడ్తుంటిరి కద."

"అక్కర్లేదమ్మా" అని కూర్చున్నాను. ముప్పై ఐదు దాటాయి, కళ్లద్దాలు వచ్చాయి, కన్ను చేతికంటే ఒక్క అడుగు కాదు, అరడుగు ముందు నడవడమే గొప్ప. నాలుగు తప్పులు పోయాయి. నాలుగూ నా సొంతవే. దేనికీ ఆగలేదు, మొదటికి వెళ్లలేదు, చివరి వరుస దాకా నడిచాను. అక్కడ కాగితంలో ఏమీ లేకపోయినా, తలను కొద్దిగా పక్కకు వాల్చి పైన రెండు మీటలు నొక్కాను.