గొర్రెల డాక్టరమ్మ కారు

వేసవి మొదలైనప్పటి నుంచీ మూసి ఉన్న కారు తలుపు మొన్న తీశాను. వేడిగాలి ముఖాన కొట్టింది, దాని వెంటే వాసన. కడుపుబ్బిన గొర్రెలకు తాపే టర్పెంటైను నూనె, గొర్రెబొచ్చు, ఎండకు మాడిన సీట్లు, వీటన్నిటి అడుగున డాక్టరమ్మ నుదుటికి రాసుకునే నీలగిరి తైలం. ఆమె పోయి రెండు వానాకాలాలు దాటాయి. వానలు పడకపోయినా మా అనంతపురం జిల్లాలో ఆ కాలాన్ని వానాకాలమనే అంటాం. సీటులో కూర్చుని మీట నొక్కాను. ఎదుట ఎర్రదీపం ఒకటి వెలిగింది, కాసేపు నన్ను చూసింది, ఆరిపోయింది. నేను అలాగే కూర్చుని ఏడ్చాను. వీధిలో పోయేవాళ్ళు చూస్తే చూడనీ అనుకున్నాను.

ఆమె పేరు వనజాక్షమ్మ. పశువుల డాక్టరు. కళ్యాణదుర్గం నుంచి కుందుర్పి దాకా గొర్రెలు కాసేవాళ్ళెవరినడిగినా గొర్రెల డాక్టరమ్మ అనే చెప్తారు. నా మొదటి ఉద్యోగంలో ఆమె నా పై అధికారి. ఈ కారు ఆమెది, పోయేముందు నాకిచ్చింది. సగం పెట్రోలు, సగం కరెంటుతో నడిచే బండి. అనంతపురంలో మెకానిక్ మస్తాన్ దాన్ని పూర్తిగా విప్పి చూసి, బ్యాటరీ చచ్చిపోయిందనీ, కొత్తది వేస్తే బండి ధరను మించిపోతుందనీ, ఆ బ్యాటరీ వేసినా మిగతా భాగాలు వరసగా సెలవు తీసుకుంటాయనీ చెప్పాడు. బెంగుళూరులో పాత సెల్లులు ఏరి అతికిస్తారు, కొన్నాళ్ళు నడుస్తుంది. ఆ అతుకుల వైద్యమూ అయింది, ఒకసారి కాదు. మా ఆయన మొదట్లో నవ్వేవాడు, తర్వాత విసుక్కున్నాడు, ఇప్పుడు ఆ మాటే ఎత్తడం లేదు.

పాత ఇనుముకు వేసేయడానికి చేతులు రాకపోవడానికి ప్రేమ ఒక్కటే కారణమైతే ఇంత రాద్ధాంతం లేదు. ఒకసారి బర్రె తన్ని నా తుంటి ఎముక విరిగింది. స్కూటరు మీద ఈ రాళ్ళ దోవల్లో తిరగొద్దని డాక్టర్లు చెప్పారు. మందలుండే పల్లెలకు బస్సులు పోవు, ఆటోలు పెద్ద రోడ్డు దాటవు. ఇంకో కారు కొనే స్తోమత లేదు. ఈ కారు పోతే నా తిరుగుడు పోతుంది, పశువుల ఆసుపత్రి కుర్చీలో కూర్చుని ఎవరైనా వస్తారేమోనని గుమ్మం వైపు చూడటం మిగులుతుంది. ఆమె నన్ను మనిషిని చేసిందే ఆ తిరుగుడులో. నిజం చెప్పాలంటే తిరగడానికి మందలు కూడా పెద్దగా మిగల్లేదు. ఆ సంగతి ఒప్పుకోవడం కారు సంగతి ఒప్పుకోవడం కన్నా కష్టంగా ఉంది.

తిరుపతిలో చదువు ముగించి నేను వచ్చిన కొత్తల్లో ఓబుళమ్మ అనే ఆమె ఆవు లేవలేక పడిపోయిందని కబురొచ్చింది. కరువు నెల. గడ్డి లేక ఊరి చివర కుప్పల్లో ప్లాస్టిక్ తినేసింది. కడుపు రాయిలా గట్టిపడింది, పడుకున్న వైపు చర్మం పుండ్లు పడింది. కోసి తీసినా బతకదని పుస్తకం చదివిన నాకు తెలుసు. కానీ ఓబుళమ్మ నా ముఖం వైపే చూస్తోంది. చూద్దాంలేమ్మా అన్నాను, సీసాలు రాసిచ్చాను. ఆమె ముఖం వెలిగింది. నేనేదో పుణ్యం చేసినట్టు జీపు దగ్గరికొచ్చాను. నాతో వచ్చిన వనజాక్షమ్మ మేడమ్ నన్ను జీపు ఎక్కనివ్వలేదు.

"చూద్దామన్న మాట డాక్టరు నోట్లో నుంచి రాగూడదు పాపా," అంది. "నువ్వు ఇంటికి పోయి అన్నం తింటావు. ఆ మాట నమ్ముకోని ఆయమ్మ ఉండే రెండు మేకల్నీ అమ్మి మందులు తెస్తాది. ఆవూ పోతాది, మేకలూ పోతాయి."

తనే వెనక్కి పోయింది. ఆవు పక్కన గొంతుక్కూర్చుని మెడ మీద చెయ్యి వేసి, ఓబుళమ్మతో ఉన్నదున్నట్టు చెప్పింది. ఇది లేవదు, ఇంక దీనికి సూదులు వద్దు, నొప్పి లేకుండా పోనిద్దాం, ఉన్న గడ్డి దూడకు వెయ్యి. ఓబుళమ్మ మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత లేచి, నీ నోట్లో మన్ను పడ, నీ చేతులు పడిపోను, పిల్లాజెల్లా లేని దానివి నీకేం తెలుసునని తిట్టడం మొదలుపెట్టింది. మేడమ్‌కు నిజంగానే పిల్లలు లేరు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మేడమ్ ఆ తిట్లన్నీ అయిపోయేదాకా అక్కడే కూర్చుంది, లేచి చీర దులుపుకోను కూడా లేదు. తిరుగు దోవలో నేను ఓబుళమ్మ మీద కోపంగా ఏదో అంటే, తిట్టనీలే, ఎవరో ఒకర్ని తిట్టకుంటే ఆ బరువు ఎట్ల దిగుతాదని మందలించింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమె పక్కన నిలబడి ఆ తిట్లు విన్నాను. ఇది ఇంక లేవదన్న మాట చెప్పడం మాత్రం నాకు ఎప్పుడూ ఆమెకొచ్చినట్టు రాలేదు.

ఆమె రిటైరైనా ఊరుకోలేదు. ఆఫీసు జీపు పోయింది కాబట్టి బెంగుళూరులో చెల్లెలి కొడుకు అమ్మేస్తానన్న ఈ కారును కొనుక్కొచ్చింది. కరెంటు బండి వచ్చిందని తెలిసి గొర్రెలోళ్ళు చూడ్డానికి వచ్చారు. వాళ్ళలో లింగప్ప ఒకడు. ఆ చుట్టుపక్కల పెద్ద మంద అతనిదే, నోరు అంతకన్నా పెద్దది. కారు చుట్టూ తిరిగి, వైరు యాడ పెడతారని అడిగాడు. వైరు లేదు, బ్రేకు వేసినప్పుడల్లా దానికదే బలం పుంజుకుంటుందని మేడమ్ చెప్పింది. లింగప్ప వంగి చక్రాల వైపు చూశాడు.

"అంటే ఎద్దును నిలబెడితే దాని కడుపు నిండుతాదంటావా మేడమ్మా?" అన్నాడు. "అట్లాంటి ఎద్దు నాకొకటి చూపీ. ఈ సీమ కరువంతా తీరిపోతాది."

అందరూ నవ్వారు, అందరికన్నా ఎక్కువ ఆమే నవ్వింది. తర్వాత అసలు తంటా బయటపడింది. మెల్లగా పోయేటప్పుడు ఆ కారు చప్పుడు చేయదు. మా దోవల్లో మందలు హారను కన్నా ముందు ఇంజను మోతకు పక్కకు తొలగుతాయి. ఇది పిల్లిలా వెనక నుంచి వచ్చి నిలబడేది, గొర్రెలు కదిలేవి కావు, హారను కొడితే బెదిరి చెల్లాచెదరై కంపచెట్లలో పడేవి. కాపర్లు మొత్తుకున్నారు. మేడమ్ పోయి పొట్టేలు మెడకు కట్టే గంట ఒకటి తెచ్చి బంపరుకు కట్టింది. ఆనాటి నుంచి గంట మోగితే డాక్టరమ్మ వస్తోందని పిల్లలు బయటికొచ్చేవాళ్ళు. ఆ గంట కూడా ఎక్కువ కాలం లేదు, ఏ గుంతలోనో ఊడిపడిపోయింది, మేం చూసుకోలేదు. అప్పటికి ఆ దోవల్లో గంటకు తొలగాల్సిన మందలూ పలచబడ్డాయి.

ఆమె నమ్మకం కోల్పోవడం నేను చూసింది ఒక్కసారే. వరసగా వానల్లేక, మేత కోసం కర్ణాటక దాకా నడిపించుకుపోయి మందల్ని ఎలాగో బతికించుకొచ్చారు. ఆ ఏడాది వాన కార్తెలు దాటాక మంచి వాన పడింది. చెరువుల్లోకి నీళ్ళొచ్చాయి, గుట్టలు పచ్చబడ్డాయి, మనుషులు నవ్వారు. ఆ తడికి దోమలు లేచి నీలినాలుక జబ్బు వచ్చింది. మూతులు వాచి, నాలుకలు నల్లబడి, నిండుగా గడ్డి ఉన్న చేలల్లో గొర్రెలు తినలేక నిలబడి చచ్చిపోయాయి. మేం టీకాలు పట్టుకుని ఊరూరూ తిరిగాం, ప్రతి ఊరికీ ఆలస్యంగానే చేరాం. ఒక సాయంత్రం ఆమె స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆ కారు స్టార్టయినా చప్పుడుండదు, కాబట్టి బయలుదేరబోతోందో లేదో నాకు తెలియలేదు. వాన రాకున్నా చస్తాయి, వచ్చినా చస్తాయి, ఇంక మనం ఎందుకు పాపా అంది. మర్నాడు పొద్దున్నే మళ్ళీ నన్ను పిలుచుకుపోవడానికి వచ్చింది.

తర్వాత ఆమెకు కడుపులో గడ్డ అని తేలింది. బెంగుళూరు ఆసుపత్రికి నేనే ఈ కారులో తీసుకుపోయాను. ఆ డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. కాగితాలన్నీ తిరగేసి, ఒక మందు మొదలుపెట్టి చూద్దాం మేడమ్ అన్నాడు. ఆమె నా వైపు తిరిగి కొంచెం నవ్వింది. తిరుగు ప్రయాణంలో పావగడ దాటాం. తర్వాత, మళ్ళీ బెంగుళూరుకు పోయేది లేదని నింపాదిగా చెప్పింది. కారు రోడ్డు పక్కన ఆపేశాను. మీరేమన్నా గొడ్డా మేడమ్ అని అరిచాను. అంత గట్టిగా ఆమె మీద ఎప్పుడూ అరవలేదు.

"కాదు కాబట్టే పాపా," అంది. "గొడ్డుకు నోరు లేదు, దాని మాట నేను చెప్పినా. నాకు నోరుండాది. నా మాట నేనే చెప్పుకుంటా."

ఆమె చెప్పింది సబబే అని ఇప్పుడు అందరూ అంటారు. ఉన్నన్నాళ్ళూ తన ఇంట్లో, తన మంచం మీద, తెలివిలో ఉండి కన్నుమూసింది. అయినా నేను క్షమించలేదు. ఓబుళమ్మకు తిట్టడానికి ఎదురుగా ఒక మనిషి దొరికింది. నాకు ఆమె మీద కోపమొస్తే ఎవరిని తిట్టాలి? ఆ కోపాన్నంతా తీసుకుపోయి ఈ కారు మీద పెట్టాను. మస్తాన్ వద్దన్న ప్రతిసారీ ఇంకోసారి చూద్దామన్నాను. ఆమె నాకు నేర్పిన ఒకే ఒక్క పాఠానికి ఎదురు తిరిగి, ఆమె కారునే బతికించాలని చూశాను. మోటారు వాహనం మీద మొండితనం చూపించడానికి పశువైద్యంలో పట్టా అక్కర్లేదని మా ఆయన అన్నది నిజమే.

మొన్న ఆ ఎర్రదీపం ఆరిపోయాక మస్తాన్‌కు ఫోను చేశాను, బండిని పాత ఇనుముకు పంపించెయ్ అన్నాను. నిన్న పాత బండ్లు కొనేవాళ్ళు లారీ తెచ్చుకున్నారు. చక్రాలు బిగుసుకుని కారు కదల్లేదు, గొలుసు కట్టి లాగారు. ఎర్రమట్టిలో రెండు చారలు పడ్డాయి. లింగప్ప ఏదో పనికి కళ్యాణదుర్గం వచ్చి, సంగతి తెలిసి మా ఇంటి దాకా వచ్చాడు. అతనికి ఇప్పుడు మంద లేదు. కొడుకు బెంగుళూరులో అపార్టుమెంటు కాపలాకు పోయాడు, ఒక్కడి చేత కాక పోయినేడు గొర్రెలన్నీ అమ్మేశాడు. ఇద్దరం గోడ పక్కన నీడలో నిలబడి లారీ మలుపు తిరిగేదాకా చూశాం. ఇన్నాళ్ళూ అడగడానికి ధైర్యం చాలని మాట అప్పుడు అడిగాను, మంద అమ్మిన మర్నాడు ఏం చేశావని.

"ఏం జేస్తా మేడమ్మా. తెల్లారి లేసినా, కట్టె తీసుకున్యా, గొంగళి బుజానేసుకోని గుట్టకు పోయినా. అమ్మేసినామని కాళ్ళకెవరు చెప్తారు? దోవలో ఒకాయప్ప అడిగినాడు, లింగప్పా, గొర్రెలు యాడ అని. పైన మేస్తాండాయని చెప్పినా."

ఈ పొద్దు తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. సూదులు కడిగాను, థర్మామీటరు తుడిచి పెట్టాను, నూనె సీసా నింపాను, తుంటి నొప్పిగా ఉన్నా సంచి భుజానికి తగిలించుకుని బస్టాండు దాకా నడిచాను. కేసుందని ఎక్కడి నుంచీ ఫోను రాలేదు. కుందుర్పి వైపు పోయే ఆటో అబ్బాయి నన్ను చూసి దిగొచ్చాడు, సంచి అందుకున్నాడు. యాడికి మేడమ్, పొద్దున్నే ఏమన్నా కేసుండాదా అని అడిగాడు. ఉంది నాయనా, తొందరగా పోనీ అన్నాను.