ఇంట్లో పిలిచే పేరు

మొన్న కంటి పరీక్షకని విశాఖలో ఒక ఆసుపత్రికి వెళ్ళి, చుక్కల మందు వేయించుకుని, కళ్ళు మూసుకుని బల్లమీద కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే చెవులు చురుకవుతాయి కాబోలు, నర్సమ్మ లోపల్నించి ఒక్కొక్కరి పేరే పిలుస్తుంటే ఆ పేర్లన్నీ ఊరికే వింటూ ఉన్నాను. అంతలో ఒక పేరు వినబడింది. మైదానంలో ఎవరూ పెట్టుకోని పేరు, కొండమీది పేరు. ఎవరూ పలకలేదు. నర్సమ్మ మళ్ళీ పిలిచింది. అప్పటికీ ఎవరూ పలక్కపోయేసరికి, నా గొంతులోంచి "ప్రెజెంట్ సార్" అన్న మాట పైకి వచ్చేయబోతే చేత్తో నోరు మూసుకున్నాను. ఇంతలో ఎవరో చంటిపిల్ల తల్లి గాజుల చప్పుడు చేసుకుంటూ పరుగున లోపలికి పోయింది. పక్కనున్న మా కోడలు, "ఏటత్తయ్యా, మండుతన్నాయా?" అని నా చెంపలు తుడిచింది. మందు మంటేనని చెప్పాను.

ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే మళ్ళీ పిలిచినట్టవుతుందేమోనన్న బెదురు ఈ వయసులో కూడా నాకు పోలేదు.

మాది వడ్డాది. మా నాన్న చెరకు రైతు. ఇంటర్మీడియట్‌కి నన్ను చోడవరం పంపించారు. మా ఈడువాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. పొద్దున్నే బస్సులో వేలాడుతూ వస్తుంటే దారిపొడుగునా పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు బళ్ళు, ఆ బళ్ళ వెనక గడలు లాగడానికి పరిగెత్తే మగపిల్లలు, ఊళ్ళో అడుగు పెట్టగానే తలనొప్పి పుట్టించే మడ్డి వాసన. ఆ వాసనకి ఎంత అలవాటు పడ్డామంటే, గానుగ ఆగిపోయిన నెలల్లో గాలి చప్పగా ఉన్నట్టుండేది.

మా క్లాసు గురించి చెబితే ఈనాటి పిల్లలు నమ్మరు. రావికమతం, బుచ్చయ్యపేట వైపు రైతుల పిల్లలం సగానికి పైగా ఉండేవాళ్ళం. మిగతావాళ్ళలో ఫ్యాక్టరీ కెమిస్టు గారి అరవ అబ్బాయి, ఫ్యాక్టరీలోనే ఫిట్టరుగా చేసే ఆయన కూతురు ఒరియా అమ్మాయి, బట్టల కొట్టు మార్వాడీల కుర్రాడు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే అక్కచెల్లెళ్ళిద్దరు, మాడుగుల పైనున్న కొండ ఊళ్ళ నుంచి దిగి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు. మధ్యాహ్నం వేపచెట్టు కింద క్యారేజీలు విప్పితే అరవ అబ్బాయి సాంబారన్నం, ఒరియా అమ్మాయి తెచ్చే పెరుగులో నానిన చద్దన్నం, మా ఇంటి గోంగూర పచ్చడి అన్నీ కలిసిపోయి, చివరికి ఎవరి చెయ్యి ఎవరి గిన్నెలో ఉందో తెలిసేది కాదు. తిట్లు కూడా అన్ని భాషల్లోనూ నేర్చుకున్నాం. అవే ముందు వచ్చాయి.

వెనక వరసలో కిటికీ పక్క బెంచీ మాది. కిటికీ వైపు కొండమీది అమ్మాయి, మధ్యలో ఒరియా అమ్మాయి, ఈ చివర నేను. కొండ అమ్మాయి ఇంట్లో మాట్లాడే భాష ఒరియాకి దగ్గరగా ఉండేది. కాలేజీలో చేరిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడకుండా తల వంచుకు కూర్చునే ఆ పిల్ల, ఒరియా అమ్మాయి తమ ఇంటి మాటల్లో ఏదో గొణుక్కోవడం విని, మెరుపు మెరిసినట్టు తలెత్తి చూడడం నాకు ఇప్పటికీ కళ్ళక్కట్టినట్టుంది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకటే గుసగుసలు. పక్కనున్న పాపానికి నాకూ సగం అర్థమయ్యేది. హాస్టల్లో నీళ్ళ దగ్గరో ఇంకోచోటో ఆలస్యమై ఒకరు రాకపోతే రెండోవాళ్ళు గొంతు మార్చి హాజరు పలికేసేవాళ్ళు. ఇలాంటి దొంగ హాజర్లు చెప్పనివాళ్ళు మనలో ఎవరున్నారు గనక!

మా ఇంగ్లీషు మాస్టారు మలయాళీ. తక్కిన లెక్చరర్లందరూ నంబర్లు పిలిచి హాజరు వేసుకుంటే ఆయన మాత్రం పేర్లు పిలిచేవారు. మొదటి రోజునే ఒక్కొక్కరినీ లేపి, "ఇంట్లో ఎలా పిలుస్తారు?" అని అడిగారు. నన్ను మా ఇంట్లో చిట్టెమ్మ అంటారని చెబితే క్లాసంతా నవ్వింది. కొండ అమ్మాయి వంతు వచ్చినప్పుడు ఆ పిల్ల బడి పేరు చెప్పింది. అది చిన్నప్పుడు ఆశ్రమ పాఠశాలలో ఎవరో పంతులుగారు నోరు తిరగక మార్చి రాసిన పేరు. "ఇది కాదు, మీ అమ్మ పిలిచే పేరు" అన్నారు మాస్టారు. నేల చూస్తూ చెప్పింది. ఆయన రెండు మూడుసార్లు తప్పు పలికి, ఆ పిల్లే సరిదిద్దాక, సరిగ్గా పలికారు. ఆ తరవాత రోజూ ఆ పేరుతోనే పిలిచేవారు. పిలిచినప్పుడల్లా ఆ పిల్ల వెన్ను నిటారుగా అయ్యేది.

వార్షికోత్సవానికి మా అందరికీ ధింసా నేర్పుతానని పట్టుబట్టింది కూడా ఆ పిల్లే. ఒకరి వెనక నుంచి ఒకరు చేతులు కలిపి పట్టుకుని, అడుగు ముందుకీ వెనక్కీ వేస్తూ గొలుసులా తిరగాలి. హాస్టలు వరండాలో సాయంత్రాలు ప్రాక్టీసు చేస్తుంటే మార్వాడీ కుర్రాడు రేకు డబ్బా వాయించేవాడు. ఉర్దూ అక్కచెల్లెళ్ళు అడుగు తప్పి గొలుసంతటినీ పడేసేవాళ్ళు. ఆ పిల్ల కోప్పడేది కాదు. తన భాషలో లెక్క చెబుతూ మళ్ళీ మొదలుపెట్టేది.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళింది. జ్వరం పట్టుకుంది. కొండల్లో మలేరియా తలకెక్కితే ఎంత త్వరగా అయిపోతుందో ఆ రోజుల్లో అందరికీ తెలిసిందే. డోలీ కట్టి కిందికి దింపుతుంటే దారిలోనే పోయిందట. సెలవుల తరవాత కొండ ఊరి అబ్బాయొకడు వచ్చి చెప్పేదాకా మాకు తెలియదు.

మాస్టారు ఆ ఏడు సెలవులకి వాళ్ళ దేశం వెళ్ళి ఆలస్యంగా వచ్చారు. ఆయనకీ సంగతి తెలియదు. వస్తూనే రిజిస్టరు తెరిచి ఎప్పటిలాగే పేర్లు పిలుస్తున్నారు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ముందు బెంచీ వాళ్ళెవరైనా చెబుతారని మేమూ, వెనకవాళ్ళు చెబుతారని వాళ్ళూ ఊరుకున్నాం. ఆయన పిలిచారు.

"ప్రెజెంట్ సార్" అని వినబడింది.

కిటికీ వైపు నుంచి. పెద్దగా కాదు, ఆ పిల్ల ఎప్పుడూ పలికినంతే. మాస్టారు తల ఎత్తకుండా టిక్కు పెట్టుకుని తరవాతి పేరు పిలిచారు. ఆ తరవాతి పేరువాడు మాత్రం పలకలేదు. వాడితో సహా క్లాసంతా వెనక్కి తిరిగి మా బెంచీ వైపు చూస్తోంది. నేను ఒరియా అమ్మాయిని చూశాను. తను నన్ను చూస్తోంది. అలవాటు కొద్దీ తనే పలికేసిందని అనుకున్నాను. గంట కొట్టాక ఎవరో సంగతి చెబితే మాస్టారు రిజిస్టరు మళ్ళీ తెరిచి ఆ టిక్కు చూసుకున్నారు.

మర్నాడు ఆయన ఆ పేరు దగ్గర ఆగారు. దాటేస్తారనుకున్నాం. కళ్ళజోడు తీసి, తుడిచి పెట్టుకుని, కిటికీ వైపు చూస్తూ నెమ్మదిగా పిలిచారు. ఈసారి పలికింది ఒరియా అమ్మాయేనని నా కళ్ళతో చూశాను. ఆయన టిక్కు పెట్టలేదు. తల ఊపి తరవాతి పేరుకి వెళ్ళారు. ఇక రోజూ అదే.

ఊళ్ళో రకరకాలుగా అనుకున్నారు. మా ముందు బెంచీలో కూర్చునే ఉర్దూ అక్కచెల్లెళ్ళు వేరే వరసలోకి మారిపోయారు. కిటికీ పక్క చోటు ఖాళీగా ఉండిపోయింది. ఎంత ఇరుకైనా ఎవరూ అక్కడ కూర్చోలేదు. మా అమ్మ నా జబ్బకి తాయెత్తు కట్టింది. ప్రిన్సిపాలు గారు మాస్టార్ని పిలిపించి, పోయిన పిల్లకి హాజరేమిటని అడిగితే, "హాజరు వెయ్యడం లేదండీ, పిలుస్తున్నాను, అంతే" అన్నారని ప్యూను చెప్పాడు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక ఒరియా అమ్మాయిని అడిగేశాను. "ఎందుకే అలా పలుకుతన్నావు? మొదటి రోజేదో నోరు జారింది, సరే."

అది తింటున్న ముద్ద గిన్నెలో వదిలేసి నా వైపు చూసింది. "మొదటి రోజు నేను కాదే. నువ్వు పలికేవనుకున్నాను."

నేను పలకలేదు. నేను పలకలేదని దానికి చెప్పాను. అది గిన్నెకి మూత పెట్టేసింది. చివరికి అదే అంది, "మర్నాటి నుంచీ నేనే. ఒకపాలి పలికేక మానేస్తే ఈసారి నిజంగా సచ్చిపోయినట్టుంటాదే."

ఆ తరవాత ఎప్పుడూ మేమిద్దరం ఆ మాట ఎత్తుకోలేదు.

చలికాలం వచ్చాక ఒకరోజు ఆ పిల్ల తండ్రి హాస్టల్లో ఉండిపోయిన రేకు పెట్టె తీసుకుపోదామని వచ్చాడు. వడ్డాది సంతలో చింతపండు, పసుపు అమ్ముకుని, ఖాళీ కావిడి భుజాన వేసుకుని, చోడవరం వచ్చి, హాస్టలు ఎక్కడో తెలియక మా క్లాసు వరండాలోకి వచ్చి నిలబడ్డాడట. మాకు తెలియదు. మాస్టారు పేర్లు పిలుస్తున్నారు. ఆ పేరు పిలిచారు. ఒరియా అమ్మాయి పలికింది.

బయట కావిడిబద్ద కింద పడిన చప్పుడయింది. మరుక్షణం గుమ్మంలో ఒక మనిషి. మోకాళ్ళ దాకా పంచె, పైన పాత కోటు, ఒళ్ళంతా దుమ్ము. మా మొహాలన్నీ ఒక్కొక్కటే వెతుకుతున్నాడు. ఆ పిల్లకీ ఆయనకీ అవే కళ్ళు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఎవులు పలికేరు బాబూ? నా గుంటని పిలిస్తే ఎవులు పలికేరు?"

మాస్టారు కుర్చీలోంచి లేచారు. తన చేతులతో కూతురికి మట్టి కప్పి వచ్చిన మనిషి ఆ తండ్రి. తెలియక అడగడం లేదు. తెలిసే అడుగుతున్నాడు. ఒరియా అమ్మాయి లేచి నిలబడింది. కొడతాడని అనుకున్నానని తరవాత నాతో చెప్పింది. ఆయన బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, ముందు కిటికీ పక్క ఖాళీ చోటు చూసి, తరవాత దాని మొహం చూసి, తల మీద చెయ్యి వేశాడు.

"ఇంకోపాలి పలుకు తల్లీ."

అది ఏడుస్తూనే పలికింది. "ప్రెజెంట్ సార్." ఆ మాటకి అర్థమేమిటో ఆయనకి తెలియదు. వాళ్ళ భాషలో అడిగాడు. అదీ ఆ భాషలోనే చెప్పింది, "ఇక్కడే ఉన్నాను" అని. ఆయన తల ఊపాడు. ఇంకా ఊపుతూనే ఉన్నాడు. అరవ అబ్బాయి లేచి ఆయన్ని పట్టుకుని వరండాలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు.

ఆ రోజు ఆయన పెట్టె తీసుకువెళ్ళలేదు. "ఉండనీండి, మళ్ళీ పాలి వస్తాను" అని వార్డెనమ్మతో చెప్పి వెళ్ళిపోయాడు. ఆ తరవాత సంతకి దిగినప్పుడల్లా పెట్టె కోసమని వచ్చేవాడు. ఇంగ్లీషు క్లాసు మొదలయ్యే వేళకి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడేవాడు. సంత రోజున మాస్టారు వెంటనే రిజిస్టరు తెరిచేవారు కాదు. పుస్తకాలు సర్దుకుంటూ, బోర్డు రెండోసారి తుడుస్తూ, స్తంభం వైపు చూస్తూ ఉండేవారు. కావిడిబద్ద కనబడ్డాక మొదలుపెట్టేవారు. మొదట్లో అంత బెదిరిన మా క్లాసు, మెల్లమెల్లగా బెదరడం మానేసింది. ఉర్దూ అక్కచెల్లెళ్ళు తిరిగి మా ముందు బెంచీకి వచ్చారు. వార్షికోత్సవంలో ధింసా మాత్రం వెయ్యలేదు. ఎవరూ వద్దనలేదు, వేద్దామని ఎవరూ అనలేదు.

పరీక్షలయ్యాక మాస్టారికి బదిలీ అయింది. ఒరియా అమ్మాయి వాళ్ళ నాన్నకి వేరే ఊరి ఫ్యాక్టరీలో పని దొరికి సామాన్లు కట్టుకున్నారు. వేసవి సెలవుల్లో ఒకరోజు మా ఊరి సెంటర్లో చోడవరం వైపు నుంచి వచ్చిన బస్సు ఆగితే ఆ పిల్ల తండ్రి దిగాడు. నెత్తిన రేకు పెట్టె. నన్ను గుర్తుపట్టి, దాన్ని దింపకుండానే దగ్గరికి వచ్చాడు.

"కాలేజీ మూసేసేరమ్మా. తాళం ఏసుంది. ఇంక పేర్లు పిలవరేటి?"

మళ్ళీ తెరుస్తారని, అప్పుడు పిలుస్తారని చెప్పాను. పిలిచే పేర్లలో ఆ పిల్లది ఉండదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసని ఆ కళ్ళు చూస్తే అర్థమైంది. అయినా నా మాట నమ్మినట్టే చిన్నగా నవ్వాడు.

"పిలిస్తే పలుకుద్దిలే. సిన్నప్పుట్నుంచీ అంతే, ఒక్క కేకకే పలికీది."

మాడుగుల వెళ్ళే బస్సు వచ్చింది. ఆయన పెట్టె పైకి వెయ్యనివ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తరవాత నేను ఆయన్ని చూడలేదు.

ఇప్పుడు కొండమీదే కాలేజీలు వచ్చాయి, రోడ్లు పడ్డాయి, జ్వరమొస్తే మోటారు సైకిలు మీదైనా కిందికి దింపుతున్నారు. ఆ పిల్ల ఈ రోజుల్లో పుట్టి ఉంటే బతికేది. అందుకు ఎంత సంతోషించినా తక్కువే. కానీ ఆ బెంచీల మీద అన్ని భాషలవాళ్ళం ఒకరి గిన్నెలో ఒకరు చెయ్యిపెట్టి తిన్న రోజులు ఇక రావు. అరవవాళ్ళు, ఒరియావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడికి సర్దుకున్నారు. పిల్లలు ఇంటి దగ్గర ఒక భాష, బడిలో ఇంకో భాష మాట్లాడుతూ, మొదటిదాన్ని బయటికి తేవడానికి సిగ్గుపడుతున్నారు. వాళ్ళమ్మ ఏమని పిలుస్తుందో అడిగి తెలుసుకునే తీరిక ఏ మాస్టారికీ లేదు.

నా సంగతికొస్తే, నేను అత్తయ్యనీ మామ్మనీ అయ్యాను, పెన్షను ఆఫీసులో మేడమునీ అయ్యాను. చిట్టెమ్మా అని పిలిచే మా అన్నయ్య పోయిన ఏడు కాలం చేశాడు. ఆ పేరు తెలిసినవాళ్ళు ఇక ఎవరూ మిగల్లేదు. ఒక్కోసారి మధ్యాహ్నం కునుకులో ఎవరో అలా పిలిచినట్టై ఉలిక్కిపడి లేస్తాను. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఎవరు పిలిచారో తెలియదు. అయినా, పిలిచినవాళ్ళని ఊరికే నిలబెట్టకూడదనిపించి, మా కోడలికి వినబడకుండా నెమ్మదిగా పలుకుతాను.